దాచిపెట్టిన బువ్వ

మూత తీయగానే సుశీల ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని చటుక్కున వెనక్కి జరిగింది.

చాట కోసం చీకటి అర్రలోకి వెళ్లింది ఆమె. పసుపు బస్తాల వెనక చెయ్యి పెడితే చాట దొరకలేదు, మూతపెట్టిన మట్టి అటిక దొరికింది. అందులో అన్నం. సుశీలకు తెలుసు కాబట్టి అన్నం అంటున్నాం గానీ, కొత్తవాళ్లు చూస్తే అదేమిటో పోల్చుకోలేరు. పైనంతా ఆకుపచ్చగా, అంచుల దగ్గర నల్లగా, నడుమ తెల్లటి నూగుతో బూజు పరుచుకుని ఉంది. దాచిన మనిషే మరిచిపోయిన అన్నం అది.

"గిదేందత్తా?" అని అర్ర గడపలో నిలబడి అడిగింది.

పొయ్యి ముందు కూర్చుని రొట్టె కొడుతున్న లింగవ్వ తల తిప్పి చూసింది. ఏమీ కానట్టు మళ్లీ రొట్టె మీదికి చెయ్యి పోనిచ్చింది.

"ఓ, గదా! మొన్న వాన కొట్టిననాడు పెట్టిన. యాదికే లేకపాయె. పైపైన గీరెయ్యి పిల్లా. కింది బువ్వ మంచిగనే ఉంటది. కడుక్కొని ఇంత ఉప్పు, ఉల్లిగడ్డ ఏసుకొని తిందువు."

పొయ్యి పక్కన పీట మీద కూర్చున్న భూమన్న, లింగవ్వకు ఒక్కగానొక్క కొడుకు, వేడి జొన్నరొట్టె తుంచి పప్పులో అద్దుకుంటున్నాడు. తల్లి మాటలు, భార్య మాటలు అతని చెవిన పడ్డాయో లేదో దేవుడికి తెలియాలి. తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, తలగుడ్డ చుట్టుకుని పొలానికి పోయాడు. వంటింట్లో ఆడవాళ్ల మాటలు మగవాళ్ల చెవుల్లోకి వెళ్లడానికి మన ఇళ్లలో ఇంకా ఎవరూ దారి వేయలేదు.

సుశీల అటికను బావి గట్టుకు తీసుకుపోయి పైపైన గీరింది. కింది మెతుకులు తెల్లగానే కనిపించాయి. కానీ వాసన మాత్రం పోలేదు. ఆమెకు అప్పుడు ఐదో నెల. కోరుట్ల నుంచి ఈ ఇంటికి కోడలుగా వచ్చిన రెండో ఏడు ఒక కడుపు నిలవకుండా పోయింది. ఈసారన్నా బిడ్డ దక్కాలి. పొద్దున లేచింది మొదలు ఆమె మనసులో తిరిగేది అదొక్క మాటే. కళ్లు మూసుకుని నాలుగు ముద్దలు మింగింది. మధ్యాహ్నానికి అంతా కక్కుకుంది.

"కడుపుతోటి ఉన్నోళ్లకు కక్కులు మామూలే," అంది లింగవ్వ.

ఆ ఇంట్లో తినడానికి లేక కాదు. కొట్టంలో బర్రె ఉంది, గుమ్మి నిండా వడ్లున్నాయి, మక్కలున్నాయి. ముగ్గురే మనుషులు. మరి ముగ్గురి ఇంట్లో అన్నం బూజు పట్టేదాకా ఎందుకు మిగులుతుంది? ఈ సంగతి అర్థం కావాలంటే ఆ కాలాన్ని కొంచెం చెప్పుకోవాలి.

పంతొమ్మిది వందల ఎనభైలు ముగిసే రోజులవి. ఊరేమో బీర్పూర్ అడవి అంచున ఉన్న చిన్న పల్లె. పొద్దుగూకాక తలుపు తట్టేది ఎవరో తలుపు తీసేదాకా తెలియదు. ఊరివాళ్లు అన్నలని పిలిచే నక్సలైట్లు కావచ్చు. వాళ్లను వెతుక్కుంటూ వచ్చిన పోలీసులు కావచ్చు. ఎవరొచ్చినా ఆకలితోనే వస్తారు, భుజాన తుపాకీతోనే వస్తారు. "అవ్వా, ఇంత బువ్వ పెట్టు" అనే మాట ఇద్దరిదీ ఒకటే. పెట్టకపోతే వీళ్లకు కోపం, పెట్టావని తెలిస్తే వాళ్లకు కోపం.

ఒకసారి అన్నలు వచ్చేసరికి లింగవ్వ కుండలో అన్నం లేదు. పాపం, లేచి పొయ్యి వెలిగించింది. వేళగాని వేళ ఆ ఇంటి కప్పు మీద పొగ లేచింది. ఆ పొగ సంగతి ఒక నోటి నుంచి ఇంకో నోటికి పాకి ఠాణా దాకా పోయింది. తెల్లవారి ఆమె భర్త ఎల్లన్నను పట్టుకుపోయారు. తిరిగొచ్చిన మనిషి మళ్లీ నాగలి పట్టలేదు. మంచంలోనే ఉండి మంచంలోనే పోయాడు.

అప్పటినుంచి లింగవ్వ ఒక పద్ధతి పెట్టుకుంది. పొద్దు ఉండగానే, ఊరందరి పొయ్యిలూ వెలిగేటప్పుడే, ముగ్గురి ఇంట్లో పదిమందికి సరిపడా వండుతుంది. ఎవరైనా వస్తే గిన్నె ముందు పెట్టడమే, మళ్లీ పొయ్యి వెలగదు, పొగ లేవదు. ఎవరూ రాకపోతే? చాలా రోజులు ఎవరూ వచ్చేవారు కాదు. అన్నం మాత్రం రోజూ మిగిలేది.

మిగిలినదాన్ని పారేస్తే సరిపోదా అని మీరు అనవచ్చు. సుశీల కూడా కొత్తలో అట్లాగే అన్నది. పెంటకుప్ప మీద వేస్తే కాకులు మూగుతాయి, చూసినవాళ్లు ఇంతన్నం ఎవరికి వండారని అడుగుతారు. పెరట్లో గుంత తవ్వి పూడ్చుదామంటే, కొత్తగా తవ్విన మన్ను కనిపిస్తే చాలు, తుపాకులు దాచారని పోలీసులు పెరడంతా తవ్విపోస్తారు. గంపలో పెట్టుకుని వాగులో కలిపి వద్దామంటే, ఆడది గంపనెత్తుకుని ఊరు దాటితే అన్నలకు సద్ది మోస్తున్నదంటారు. బర్రెకు పెడదామంటే, అంతన్నం రోజూ తింటే దాని కడుపు ఉబ్బుతుంది. ఇరుగుపొరుగుకు ఇద్దామంటే వాళ్ల ఇళ్లలోనూ ఇదే బాధ, పైగా ఎవరి నోరు ఎటువంటిదో నమ్మకం లేదు. అన్ని దారులూ మూసుకుపోయాక మిగిలింది ఒక్కటే దారి. అర్రలో దాచడం, మరునాడో ఆ మరునాడో ఇంట్లోనే తినేయడం.

ఎవరు తినాలి? ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ కూర్చుని తేల్చలేదు. తేల్చవలసిన అవసరం కూడా రాలేదు. కష్టం చేసే మొగోడికి వేడిది పెట్టాలి, మిగిలింది ఆడవాళ్లు సర్దుకోవాలి. నాటు వేసేది, కలుపు తీసేది, పసుపు ఉడకబెట్టేది ఆడవాళ్లే కదా అంటే, అది కష్టం కింద ఎవరూ లెక్కపెట్టలేదు. లింగవ్వ దాచిందీ తానే, తిన్నదీ తానే, కోడలికి పెట్టిందీ తానే. ఆమె చెడ్డ అత్త కాదు. కోడలి కంచంలో వేసిందే తన కంచంలోనూ వేసుకునేది. కోపం తెచ్చుకుందామన్నా సుశీలకు తెచ్చుకునే వీలుండేది కాదు. అదే ఆమెకు ఇంకా విసుగు.

సద్దన్నం వేరు. రాత్రి నీళ్లు పోసి ఉంచి పొద్దున్నే ఉల్లిగడ్డతో తింటే ఒంటికి చలవ. సుశీల పుట్టింట్లో ఆమెకు అది ఇష్టమైన తిండి. కానీ లింగవ్వకు వయసు మీద పడి మతిమరుపు మొదలైంది. పసుపు బస్తాల వెనక ఒకటి, గుమ్మి కింద ఒకటి, విరిగిన గొర్రు చాటున ఒకటి. భయంలో ఎక్కడ చెయ్యి పడితే అక్కడ పెట్టి మరిచిపోయేది. వానాకాలపు ముసురులో, గాలి ఆడని అర్రలో అవి పాచిపోయి బూజు పట్టి, వాసనతో తమ జాడ తామే చెప్పేవి. అప్పుడు కూడా "పైపైన గీరెయ్యి" అనేదే తప్ప, పారెయ్యమనడానికి ఆమెకు నోరు రాలేదు.

అట్లా ఒకనాడు సుశీల, కక్కులతో నీరసించి, గీరిన అన్నాన్ని తినలేక కుడితి తొట్టిలో గుమ్మరించింది. కొట్టంలో ఉన్నది సూడి బర్రె, ఇంకో రెండు నెలల్లో ఈనుతుంది. మరునాడు అది మేత ముట్టలేదు.  భూమన్న సైకిలు మీద పోయి పశువుల దవాఖాన కాంపౌండర్ హన్మండ్లును వెంటబెట్టుకొచ్చాడు.

హన్మండ్లు బర్రె కడుపు తడిమి చూశాడు, తొట్టిలోకి వంగి చూశాడు.

"బూజు పట్టింది తొట్ల ఎవ్వలేసిండ్రు?" అని కేకేశాడు. "సూడి బర్రెకు గిసొంటిది పెడ్తరా ఎవరన్న? ఈసుకపోతది. దూడ కడుపులనే పాయె అనుకో ఇగ. ఎవ్వలియ్యాలె మీకు పాలు?"

లింగవ్వ లబోదిబోమంది. తానే తొట్టి పక్కకు వంచి ఖాళీ చేసి, బూడిద వేసి, కొబ్బరి పీచుతో లోపలంతా తోమింది. భూమన్న అప్పటికప్పుడు పోయి పచ్చగడ్డి కోసుకొచ్చాడు. సాయంత్రానికి బర్రె రెండు పరకలు కొరికితే తల్లీకొడుకుల ముఖాలు విప్పారాయి.

ఆ మరునాడు మధ్యాహ్నం భూమన్న పొలంలో ఉన్నాడు. లింగవ్వ అర్రలోంచి ఒక అటిక తెచ్చి, మూత తీసి, గరిటెతో పైనున్న ఆకుపచ్చ పొరను ఒకవైపు జరిపి, కింది అన్నం కోడలి కంచంలో వేసింది. తన కంచంలోనూ వేసుకుంది.

సుశీల కంచం ముట్టలేదు.

"అత్తా, బర్రెకు బూజు బువ్వ ఏస్తే దూడ పోతదని నిన్న కాంపౌండరు అన్నడు గదా?"

"అన్నడు. అయితేంది?"

"మరి నా కడుపులున్నది దూడపాటి గూడ కాదా?"

లింగవ్వ ముఖం ఎర్రబడింది. "ఏం మాట్లాడుతున్నవే? నేను తింటలేనా? గిదే తిన్న, గిట్లనే బతికిన. ముగ్గురిని కన్న."

"ముగ్గురిని కన్నవు. ఒక్కడే ఉన్నడు," అంది సుశీల.

అన్న తరువాత నాలుక కరుచుకుంది. మిగతా ఇద్దరు ఎందుకు పోయారో లింగవ్వకు తెలియదు, సుశీలకు అసలే తెలియదు. తిండి వల్లనో, జ్వరం వల్లనో, ఎవరికి తెలుసు? కానీ మాట నోరు దాటింది. లింగవ్వ చేతిలోని ముద్ద చేతిలోనే ఆగిపోయింది. ఆ ముఖం చూడలేక సుశీల లేచింది. లేచిన మనిషి ఊరుకుంటే బాగుండేదేమో. ఊరుకోలేదు. ఇన్నాళ్ల విసుగంతా ఒక్కసారి కాళ్లలోకి, చేతుల్లోకి వచ్చింది. రెండు కంచాలూ ఎత్తింది, అటిక ఎత్తింది. అర్రలోకి పోయి చేతికి అందిన గిన్నెలన్నీ తెచ్చింది. పట్టపగలు, అందరూ చూస్తుండగా, అన్నీ తీసుకుపోయి పెరటి వెనక పెంటకుప్ప మీద గుమ్మరించింది.

"ఒద్దే పిల్లా! ఒద్దే! కొంప ముంచుతున్నవే!" అంటూ లింగవ్వ వెనకాల పరుగెత్తింది. అప్పటికే అయిపోయింది. కాకులు ఎక్కడినుంచి వస్తాయో గానీ, క్షణంలో వచ్చి వాలాయి.

తెల్లవారి ఊళ్లో పోలీసు జీపు ఆగింది. వాళ్లు వచ్చింది ఈ ఇంటికోసం కాదు, అడవి దారి పట్టి పోతున్నారు. పోతూ పోతూ పెంటకుప్ప మీద కాకుల గుంపును చూసి ఆగారు. ఎస్సై దిగి లాఠీతో అన్నాన్ని కదిలించాడు. పైపైన మొన్న సాయంత్రం వండి మిగిలిన అన్నం ఇంకా తెల్లగానే ఉంది. దానికింద బూజు అన్నం రాత్రి వానకు పెంటలో కలిసి బురదయింది. ఆయన కంటికి కనిపించింది తెల్లది మాత్రమే.

"ఇంట్లో ఎంతమంది?"

"ముగ్గురం సార్," అన్నాడు భూమన్న.

"ముగ్గురికి ఇంత మిగిలిందా? ఎవరొచ్చారు? ఎంతమంది తిన్నారు?"

"ఎవ్వలు రాలే సార్."

భూమన్న చెంప మీద దెబ్బ పడింది. మళ్లీ అడిగారు, మళ్లీ అదే జవాబు. జీపులో వేసుకుని పోయారు. వాకిట్లో లింగవ్వ కూలబడిపోయింది. ఒకప్పుడు మొగుడిని తీసుకుపోయిన దారినే కొడుకునూ తీసుకుపోయారు. ఇరుగుపొరుగు తలుపులు ఒకటొకటిగా మూసుకున్నాయి.

"పిడికెడు బువ్వ మింగితే అయిపోయేదానికి నా కొడుకును ఠాణాకు తోలితివి గదనే!" అని లింగవ్వ నెత్తి కొట్టుకుంది.

  తాను చేసింది తప్పు కాదని సుశీలకు తెలుసు. దానివల్లనే మొగుడిని పట్టుకుపోయారనీ తెలుసు. చెడిన అన్నాన్ని పారేయడం కూడా నేరమయ్యే ఊళ్లో ఏది ఒప్పు, ఏది తప్పు? అన్నలకు భయపడి వండాలి, పోలీసులకు భయపడి దాచాలి, పారేస్తే పాపమని భయపడి తినాలి. ఈ మూడు భయాలూ కలిసి చివరికి వచ్చి పడేది తన కంచంలో. ఏడుపు రాలేదు ఆమెకు. ఒళ్లంతా మండింది.

కాసేపటికి అత్త దగ్గరికి పోయి కూర్చుంది.

"అత్తా, ఇంకోటున్నదా?"

"ఏందే?"

"బువ్వ. ఏడనన్న పెట్టి మరిచినవా? నిన్న నా చేతికి అందనిది ఇంకేదన్న ఉన్నదా?"

లింగవ్వకు ఏమీ అర్థం కాలేదు. కానీ కోడలి ముఖంలోకి చూసి లేచింది. గోడ పట్టుకుంటూ అర్రలోకి పోయి, గుమ్మి కిందికి చెయ్యి పెట్టి తడిమింది. అన్నిటికంటే పాతది అక్కడ ఉంది. మూత తీయకుండానే వాసన వచ్చింది. సుశీల దానికి గుడ్డ కట్టి నెత్తిన పెట్టుకుంది.

"యాడికే? కడుపుతోటున్నదానివి!"

"ఠాణాకు. నువ్వు గూడ రా."

అత్తాకోడళ్లు బురద రోడ్డు పట్టి నడిచారు. దారిలో ఎదురైన వాళ్లు నెత్తి మీది మూటను చూసి పక్కకు తప్పుకున్నారు. ఠాణా గేటు దగ్గర ఒక కానిస్టేబులు నవ్వాడు. "మొగనికి సద్ది తెచ్చినవా?" అన్నాడు. గుడ్డ దగ్గరగా వచ్చేసరికి నవ్వు మానుకుని ముక్కు మూసుకున్నాడు.

ఎస్సై బల్ల ముందు భూమన్న నేల మీద కూర్చుని ఉన్నాడు. చెంప వాచి ఉంది. భార్యను చూసి లేవబోతే కూర్చోమన్నారు. సుశీల అటికను నేల మీద దించి గుడ్డ విప్పి మూత తీసింది. గదిలో ఉన్నవాళ్లందరూ ఒక్కసారి వెనక్కి జరిగారు. ఎస్సై జేబురుమాలు ముక్కుకు పెట్టుకున్నాడు.

"ఏంటిది? పిచ్చి పట్టిందా నీకు?"

"సార్, మా పెంట మీద మీరు చూసిన బువ్వల సగం గిదే. వానకు కలిసిపోయింది గని గిట్లనే ఉండె. ఎవరన్న అచ్చి తిని పోతే బువ్వ బూజు పట్టేదాక ఎందుకుంటది సార్? ఎవ్వలు రాలే గనుకనే ఉన్నది."

ఎస్సై కళ్లు చిన్నవి చేశాడు. "అంటే వాళ్లు వస్తారనే కదా వండింది? నువ్వే ఒప్పుకుంటున్నావు."

లింగవ్వ కోడలి కొంగు పట్టుకుని వెనక్కి లాగింది. భూమన్న తల దించుకున్నాడు. సుశీల మాత్రం తడబడలేదు. ఇంత దూరం నడిచి వచ్చినది ఈ మాటకు భయపడడానికి కాదు.

"అవును సార్. తుపాకి పట్టుకొని ఎవ్వలు అచ్చినా పెట్టాలె గదా, అందుకే వండుతున్నం. మొన్న వానల మీ వాళ్లు అచ్చి బువ్వ పెట్టుమన్నరు. గప్పుడు ఎవ్వల బువ్వ తిన్నరు సార్? అది గూడ గిట్ల వండిందే."

 మూలన రాసుకుంటున్న ముసలి హెడ్ కానిస్టేబులు కలం పక్కన పెట్టాడు. "నిజమే సార్," అన్నాడు మెల్లగా. "ఆ రోజు మేం తిన్నది వీళ్లింట్లనే. ఈ అవ్వనే వడ్డించింది."

ఎస్సైకి కోపం ఎవరి మీద చూపాలో తోచలేదు. "ముందు దాన్ని తీసుకుపో! బయట పారెయ్యి!" అని అరిచాడు.

"ఎక్కడ పారెయ్యాలె సార్?"

అతను ఆమె వైపు చూశాడు.

"మీరే జాగ చెప్పున్రి. పెంట మీద పోస్తే నా మొగణ్ని పట్టుకచ్చిండ్రు. గుంతల పూడుస్తే మీరే తవ్వుతరు. గంపల పెట్టుకపోతే నడుమల ఆపుతరు. బర్రెకు పెట్టద్దని కాంపౌండరు అన్నడు. ఇగ మిగిలింది మా అత్త కడుపు, నా కడుపు. ఇన్నొద్దులు గా కడుపుల్లనే పోసుకున్నం. ఇప్పుడు నా కడుపుల బిడ్డ ఉన్నది సార్. నేను పోసుకోను. మీరు జాగ చూపియ్యిండ్రి, గక్కడ పోసి పోత."

ఆ మాటలకు పోలీసులు మారిపోయారని రాస్తే అది కథ అవుతుంది గానీ నిజం కాదు. ఎస్సై ఆమెను ఇంకో రెండు మాటలన్నాడు. ఇంటి మీద కన్నేసి ఉంచుతానన్నాడు. కానీ బూజు పట్టిన అన్నానికి ఎదురు చెప్పడానికి అతని దగ్గర ఏమీ లేదు. ఎవరూ తినలేదని అది చెబుతూనే ఉంది, కళ్లకూ ముక్కుకూ. పొద్దువాలేవరకు కూర్చోబెట్టి భూమన్నను వదిలేశాడు. హెడ్ కానిస్టేబులు అటికను తానే తీసుకుపోయి ఠాణా వెనక ఎక్కడో పారబోసి, ఖాళీ అటిక తెచ్చి సుశీల చేతిలో పెట్టాడు. "ఇంటికి పో బిడ్డా, చీకటి పడకముందే పో," అన్నాడు.

  ఊరు కనిపిస్తుండగా భూమన్న దారిలో ఆగాడు.

"అవ్వా, మీరు తినేది గదేనా?"

లింగవ్వ తల పక్కకు తిప్పుకుంది.

"నేను దినాం వేడి రొట్టె తింటున్న. మీరు గూడ గదే తింటున్నరనుకున్న. ఎన్నడన్న మీ కంచం దిక్కు సూసిన్నా నేను?" వాచిన చెంప తుడుచుకున్నాడు. "ఠాణల సూడవడితి గద నా పెండ్లాం ఏం తింటున్నదో!"

నిజానికి అతను అన్న ఈ మాటలో తప్పంతా ఉంది. ఒకే పొయ్యి ముందు, చేయి చాపితే అందేంత దూరంలో కూర్చుని తిన్నవాడికి, ఇంటి ఆడవాళ్ల కంచంలో ఏముందో తెలియడానికి పోలీసు జీపు ఎక్కవలసి వచ్చింది. అతను కొట్టే మొగుడు కాదు, తాగే మొగుడు కాదు. తలెత్తి చూడని మొగుడు. అటువంటి మంచివాళ్లు మన ఊళ్లనిండా ఉన్నారు.

ఆ సాయంత్రం లింగవ్వ బియ్యం కొలవడానికి కూర్చుంది. ముగ్గురికి కొలిచి, అలవాటు కొద్దీ మళ్లీ బియ్యం కుండ వైపు పోయింది. భూమన్న చేయి పట్టుకుని ఆపాడు.

"చాలవ్వా. ఎవరన్న అస్తే నేను లేసి వండుత."

"పొగ లేస్తది బిడ్డా. మీ నాయిన..."

"లెవ్వనీ. అడిగితే చెప్త. ఎక్కువ వండినందుకే నన్ను పట్టుకపోయిండ్రు, ఉన్నది చెప్పినందుకే ఇడిసిండ్రు. ఆకలైన మనిషి బియ్యం ఉడికేదాక ఆగుతడు. తుపాకి ఉన్నోడైనా ఆగుతడు."

లింగవ్వ భయం ఒక్కనాటితో పోయిందని అనలేం. కుండ మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడింది. చివరకు మూత వేసి వచ్చి పొయ్యి ముందు కూర్చుంది. అన్నం ఉడికాక భూమన్న మూడు కంచాలు తెచ్చి పక్కపక్కన పెట్టాడు. లింగవ్వ అలవాటుగా మొదట కొడుకుకు వడ్డించింది. తరువాత కోడలికి వడ్డించబోయి ఆగింది. గిన్నెలోంచి పొగలు వస్తున్నాయి. మొగుడు పోయిన తరువాత ఆమె వేడి అన్నం ముందు కూర్చోవడం ఇదే మొదలు. 

"నా కొడుకు కంచంల ఎయ్యనిది నా కోడలు కంచంల ఎట్లేసిన్నే సుశీలా?" అంది. మళ్లీ ఎవరినో అడుగుతున్నట్టు, "నా కంచంల నేను ఎట్లేసుకున్న?" అంది.

సుశీల గరిటె అందుకుని మొదట అత్తకు వడ్డించింది.

మాఘమాసంలో ఆమెకు ఆడపిల్ల పుట్టింది. బతికింది. ఆ ఏళ్లు గడిచిపోయాయి, అడవిలోంచి అర్ధరాత్రి తలుపు తట్టేవాళ్లు లేరు, పొగ చూసి పట్టుకుపోయేవాళ్లూ లేరు. అయినా ఈనాటికీ ఎన్నో వంటిళ్లలో, మూత కింద మరిచిపోయిన గిన్నెలు దొరుకుతూనే ఉన్నాయి. వాటి ముందు నిలబడి, పారేయడానికి చేతులు రాక, ఎవరికీ కనిపించకుండా మింగేస్తున్న తల్లులూ, కోడళ్లూ ఉన్నారు. వాళ్ల మీద ఏ తుపాకీ లేదు, ఉన్నది మన అలవాటే. అయ్యా, అమ్మా, తినేంతే వండండి, వండింది అందరూ కలిసి వేడిగా తినండి. మగవాడి కంచంలో వడ్డించలేని అన్నం ఆడదాని కంచంలోనూ వడ్డించకూడదు.